ఏరిన గుండ్లు

నిత్యానందానికి మనుషుల మీద కంటే రాతి మీద నమ్మకం ఎక్కువ. ముప్పయ్యేళ్లు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి, రుద్ది, నునుపు చేసిన చేతులు ఆయనవి. రాయిలో దోషముంటే వేలితో కొట్టగానే మోత తేడా తెలుస్తుంది, మనిషిలో దోషముంటే ఎక్కడని కొట్టి చూడాలి అనేవాడు. కొట్టి చూసే శ్రమెందుకని ముందుగానే అనుమానించి పెట్టుకునేవాడు. పాలు పోసే వాడిని అనుమానించాడు, ఆటో వాడిని అనుమానించాడు, చర్చిలో గంట కావాలనే అయిదు నిమిషాలు ముందు కొడుతున్నారని కూడా అనుమానించాడు. ఇన్ని అనుమానాల్లో ఏ ఒక్కటీ నిజమైన దాఖలా లేదు. అయినా ఆయన వెనక్కి తగ్గే రకం కాదు.

ఇప్పుడాయన తర్లుపాడులో తన ఇంటి వసారాలో కూర్చుని సీసం గుండ్లు ఏరుతున్నాడు. ముందు ఫ్రేము లేని నల్ల పలక, మూరెడు పొడవుది, తనే ఎంచి తనే రుద్దింది. ఒక చివర కింద చెక్కముక్క పెట్టి కాస్త వాలు చేశాడు. పైనుంచి ఒక్కో గుండూ వదులుతున్నాడు. గుండు అంటే మరీ పెద్దదేం కాదు, పెసర గింజకు అన్న. నడుము సన్నం, వెనక పావడాలా విచ్చుకుని ఉంటుంది. అలాంటిది తిన్నగా దొర్లదు, వంపు తిరిగి దొర్లుతుంది. మంచివన్నీ ఒకే వంపు తిరిగి ఒకే చోటికి చేరతాయి. పావడా అంచు వెంట్రుకవాసి నొక్కుకుపోయినా ఆ గుండు పక్కదారి పడుతుంది. దారిన పోయినవి స్టీలు గిన్నెలోకి, దారి తప్పినవి ప్లాస్టిక్ డబ్బాలోకి వేస్తాడు.

ఈ పద్ధతి ఆయన సొంతం. కూతురు లీదియాకు గాలి పిస్తోలు కాల్చడం నేర్పే కాటమరాజు కూడా దీన్ని చూసి ఆశ్చర్యపోయాడు. కాటమరాజుది గిద్దలూరు దగ్గర పల్లె. మిలటరీలో ఇరవై రెండేళ్లు చేసి వచ్చి, మార్కాపురంలో మూతపడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డు బాడుగకు తీసుకుని పది మీటర్ల షూటింగ్ రేంజి పెట్టాడు.

"పెద్ద పిస్తోళ్లు కాల్చేటోళ్లు ఫారిన్‌లో తూటాలు ఇంట్లోనే కట్టుకుంటారు నిత్యానందం. ఏ మందు, ఎంత మందు, సీసం మీద ఏ పూత, అని నెలల తరబడి చూసుకుంటారు. పూత ఉన్న గుండు, పూత లేని గుండు ఒక్క చోటికి పోవు. మనకాడ ఆ లైసెన్సూ లేదు, ఆ మందూ లేదు. మన మందు గాలి. ఇంక మన చేతిలో ఉండేది గుండొక్కటే. దాన్ని ఏరుకున్నోడే షూటరు" అని చెప్పాడు.

కాటమరాజు పిస్తోలును బల్లకు బిగించి, అయిదు రకాల డబ్బాల్లోంచి పదేసి గుండ్లు కాల్చి, ఏ రకం గుండ్లు కాగితం మీద ఒకే కన్నం చేస్తాయో చూశాడు. మూడో డబ్బావి శనగ గింజ పట్టేంత కన్నంలో పడ్డాయి. అప్పటినుంచీ ఆ రకమే తెప్పించేవాడు. దాన్ని ఇంకా వడపోసే పని నిత్యానందానిది.

పిస్తోలు మాత్రం వాళ్లది కాదు. ఊళ్లో నరసింహులుది. ఇరవై ఎకరాల రైతు. ఆయన కూతురు యామిని, లీదియా మార్కాపురం డిగ్రీ కాలేజీలో ఒకే బెంచీ. యామిని ముచ్చటపడితే నరసింహులు గాలి పిస్తోలు తెప్పించాడు. తోడు వెళ్లిన లీదియా ఒకసారి చేతిలోకి తీసుకుని పది గుండ్లు కొడితే ఏడు నల్ల చుక్కలో పడ్డాయి. "ఈ పిల్ల చెయ్యి వణకదు" అన్నాడు కాటమరాజు. "అయితే ఇద్దరూ దాంతోనే కొట్టండి" అన్నాడు నరసింహులు. అలా ఏడాదిగా ఒక పిస్తోలు, ఇద్దరు పిల్లలు. అందుకు బదులుగా యామిని గుండ్లు కూడా నిత్యానందమే ఏరి పెట్టేవాడు.

నరసింహులు మంచితనాన్ని ఊరంతా మెచ్చుకుంది. నిత్యానందం ఒక్కడే మెచ్చుకోలేదు. దానికి కారణం ఉంది. తనకు తొమ్మిదేళ్లప్పుడు నరసింహులు నాయన, నిత్యానందం నాయనకు నీళ్లింజిను ఇచ్చాడు, కౌలు చేను తడుపుకోమని. కౌలు చేను ఏపుగా పెరిగి, ఇంజిను ఇచ్చినాయన చేను కంటే ముందు పొట్టకొచ్చింది. ఆ వారమే ఆయన వచ్చి, మాకు పనుంది అని ఇంజినును బండి మీదికి ఎక్కించుకుని పోయాడు. జొన్న నిలువునా ఎండింది. నాయన ఆ గట్టు మీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం నిత్యానందం గుండెలో ఇప్పటికీ అలాగే ఉంది. వాళ్లు ఇస్తారు, మనం వాళ్లను దాటిన రోజు లాక్కుంటారు, అని అప్పుడు అనుకున్న మాటను ఆయన మళ్లీ తీసి చూసుకోలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం లీదియా ఆరువందలకు అయిదువందల యాభై ఆరు కొట్టింది. యామినికి అయిదువందల యాభై ఒకటి వచ్చింది. మరుసటి వారమే కబురొచ్చింది. మార్చి చివరి ఆదివారం ఒంగోలులో సెలక్షను. అయిదువందల నలభై అందుకున్న వాళ్లందరూ రాష్ట్ర పోటీలకు పోవచ్చు. లీదియా నిద్రలో కూడా దాటే లెక్క అది. అది దాటితే ఆ ఇంట్లోంచి జిల్లా దాటి పేరు వినిపించే మొదటి మనిషి ఆమే అవుతుంది.

నిత్యానందం భార్య హెలెన్‌కు మాత్రం ఆ తేదీ నచ్చలేదు. "ఆదివారం పూట తుపాకీ పట్టుకుంటే దేవుడు ఊరుకుంటాడా? చర్చి ఎగ్గొట్టి పోతారా?" అంది. పిల్లకు ఏ ఆపద వచ్చినా ఆమె దగ్గర ఒకటే మందు. బుధవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చే నూనె సీసా. లీదియా ఇంటర్ పరీక్షలప్పుడు హాల్ టికెట్ మీద ఆ నూనె రాస్తే, ఇన్విజిలేటరు మరక చూసి, బజ్జీలు తిన్న చేత్తో పట్టుకున్నావా అని కోప్పడ్డాడు. పిల్ల ఫస్ట్ క్లాసులో పాసైంది కాబట్టి హెలెన్ లెక్కలో నూనెదే గెలుపు.

ఆ కబురు వచ్చిన వారం నుంచే లీదియా గుండ్లు చెదరడం మొదలైంది. అయిదువందల ముప్పై ఎనిమిది. తర్వాత ముప్పై ఒకటి. పట్టు మారలేదు, నిలబడే తీరు మారలేదు. గుండు మాత్రం ఒకటి పైకి, ఒకటి కిందికి పోతోంది.

"పిస్తోల్లో ఏమన్నా చేసినారేమో" అన్నాడు నిత్యానందం.

"ఎవురు నాయనా?" అంది లీదియా.

"పిస్తోలు ఎవురిదో వాళ్లు."

"యామినా? ఆ పిల్ల ఎందుకు చేస్తాది? నలభై దాటితే ఇద్దరం పోతాం. ఒకరు పోతే ఇంకొకరు ఆగేదేమీ లేదు."

"ఆగేది ఉంటేనే చేస్తారా? మనం పైన ఉండేది చూడలేక చేస్తారు."

లీదియా చున్నీ విదిలించుకుని లోపలికి పోయింది. నిత్యానందం పలక ముందు కూర్చున్నాడు. ఎడమ పక్కన స్టీలు గిన్నె, కుడి పక్కన ప్లాస్టిక్ డబ్బా, ముందు రెండు ఖాళీ డబ్బాలు. ఒకటి కూతురిది, ఒకటి యామినిది. ఎప్పుడూ గిన్నెలోవే రెండింట్లోనూ పోసేవాడు. ఆ రోజు కూతురి డబ్బాలో గిన్నెలోవి పోశాడు. యామిని డబ్బా చేతిలో పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ప్లాస్టిక్ డబ్బాలోవి పోసి మూత బిగించాడు. వాళ్లు మొదలుపెట్టారు కాబట్టి చేస్తున్నాను, వాళ్లు మానేస్తే నేనూ మానేస్తాను, అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. అంత సర్ది చెప్పుకోవలసి వచ్చిందంటేనే అది తప్పని ఆయనకు తెలుసన్నమాట.

రెండో వారంలో కాటమరాజు పిస్తోలు విప్పి, గొట్టంలోంచి చిన్న దూది ముద్ద తోశాడు. అవతల బయటికి వచ్చిన దూది తళతళలాడుతోంది. ఆయన దాన్ని వాసన చూసి నిత్యానందానికి ఇచ్చాడు.

"నూనె. ఈ పిస్తోలు గొట్టంలో నూనె ఎయ్యాల్సిన పనే లేదు. గుండ్లకు ఎవురో పూస్తా ఉండారు."

"అందుకేనేమో సార్" అంది యామిని వెంటనే. "లీదియా తర్వాత నేను కొడితే నాయీ అడ్డదిడ్డంగా పోతా ఉండాయి. ముప్పై కూడా దాటడం ల్యా."

"నువ్వు చూసుకోలేదా?" అని కాటమరాజు లీదియాను అడిగాడు.

"మెరుస్తా ఉంటే నాయన తుడిచినాడేమో అనుకున్నా సార్."

"ఇంట్లో ఇంకెవరన్నా ముడతారా నిత్యానందం?"

"మా ఇంట్లో గుండ్లు ముట్టేది నేనొక్కణ్ణే" అన్నాడు నిత్యానందం కటువుగా. అంటూనే యామిని మొహంలోకి చూశాడు. ఎంత తొందరగా అందుకుంది మాట! తనవి కూడా పోతున్నాయని చెప్పుకుంటే ఎవరూ అనుమానించరని ఎంత తెలివి! ఆ పిల్ల గుండ్లు ఎందుకు చెదురుతున్నాయో, అందులో నూనె పాలెంత, తన పలక పాలెంత అన్నది ఆ క్షణంలో ఆయనకు గుర్తే రాలేదు. అనుమానం పట్టుకున్న మనిషికి తన చేతులు కనపడవు.

లీదియా గుండ్లన్నీ సబ్బు నీళ్లతో కడిగించాడు కాటమరాజు. వారం రోజులు లీదియా మళ్లీ యాభై దాటింది. గురువారం వచ్చేసరికి మళ్లీ పడిపోయింది. నిత్యానందం వేళ్లు మడిచి చూసుకున్నాడు. కిందటి సారి కూడా గురువారమే. అంతకు ముందూ గురువారమే. అయితే బుధవారం ఏదో జరుగుతోంది. బుధవారం సాయంత్రం బస్సు రష్షుగా ఉంటుందని యామిని తన స్కూటీ మీద లీదియాను ఇంటి దాకా దించుతుంది. గుండ్ల డబ్బా ఉన్న లీదియా సంచీ ముందు కొక్కేనికి తగిలించి ఉంటుంది. ఇంకేం కావాలి? ఆయనకు సంతోషం లాంటిది కలిగింది. అనుమానానికి రోజూ పేరూ దొరికితే అది రుజువే అనిపిస్తుంది.

ఇంట్లో ఈ సంగతి ఎత్తొద్దని లీదియాకు గట్టిగా చెప్పాడు. హెలెన్ చెవిన పడితే ప్రార్థన మనవుల్లో పెట్టేస్తుంది. మైకులో పాస్టరు, నిత్యానందం ఇంటి గుండ్ల కొరకు, అని ప్రార్థన చేస్తే నరసింహులు ఇంటి దాకా వినపడుతుంది.

సెలక్షను ముందు శుక్రవారం ఆయన నూట ఇరవై గుండ్లు ఏరాడు. ఒక్కొక్కటీ మూడుసార్లు దొర్లించి, మూడుసార్లూ ఒకే చోటికి వచ్చిన దాన్నే తీసుకున్నాడు. పోటీకి అరవై, దానికి ముందు గురి సరిచూసుకునేందుకు ఇరవై, మిగిలినవి చేతిలో ఉంటాయి. వాటిని నీలి రంగు డబ్బాలో పోశాడు. కిరాణా దుకాణంలో తెచ్చిన నీలిమందు పొడిని మూత లోపల, బిగింపు మరల మధ్య, వేలితో సన్నగా అద్దాడు. పొడిగా ఉంటే ఆ డబ్బా రంగులో కలిసిపోతుంది. తడి చెయ్యో నూనె చెయ్యో తగిలితే మాత్రం సబ్బుతో రుద్దినా పోదు.

"నేను చెప్పిందాకా ఈ డబ్బా మూత తియ్యొద్దు" అన్నాడు కూతురితో.

"ఏముంది అందులో?"

"గుండ్లే. పోటీకి."

ఆదివారం తెల్లవారుజామున నరసింహులు కారు ఇంటి ముందు ఆగింది. కరెంటు లేదు. లోపల హెలెన్ సంచీ ముందు మోకరించి, తర్వాత లీదియా తల మీద చెయ్యి పెట్టి గొణుగుతూ ఉంది. నిత్యానందానికి అది రోజూ చూసే దృశ్యమే. లీదియా టోపీ కనుబొమల దాకా లాక్కుని, బయటికి వచ్చి, సంచీ వెనక సీట్లో యామిని పక్కన పెట్టింది. నిత్యానందం ముందు సీట్లోంచి అద్దంలో ఆ సంచీనే చూస్తూ కూర్చున్నాడు. పొదిలి దాటే దాకా రెప్ప వాల్చలేదు. పొదిలి తర్వాత కునుకు పట్టింది, తనను తానే తిట్టుకున్నాడు.

ఒంగోలులో రేంజి ముందు కారు దిగాక సంచీ యామినే మోసుకొచ్చింది. లీదియా పేరు రాయించుకోవడానికి లోపలికి వెళ్లింది. కాటమరాజు అప్పటికే వచ్చి వేపచెట్టు కింద బల్ల మీద పిస్తోలు పెట్టె తెరుస్తున్నాడు. ఉన్నది ఒక పిస్తోలు కాబట్టి మొదటి వరసలో యామిని, రెండో వరసలో లీదియా.

నిత్యానందం సంచీ జేబులోంచి డబ్బా తీశాడు. జేబు గుడ్డ నీలంగా తడిసి ఉంది. మూత తీశాడు. పొడి లేదు. దాని చోట నీలం జిడ్డు. గుండ్లన్నీ నూనెలో మునిగి లేచినట్టు మెరుస్తున్నాయి.

ఆయన తల ఎత్తి యామిని చేతుల కేసి చూశాడు. కుడి చేతి రెండు వేళ్లకు నీలం అంటుకుని ఉంది.

"పట్టుకున్నా!" అని అరిచాడు. అక్కడున్న ముప్పై నలభై మంది తిరిగి చూశారు. "చూడు సార్! నువ్వు చూడు నరసింహులన్నా! నేనే పెట్టినా నీలిమందు. డబ్బా తీసినోళ్ల చేతికి అంటుకుంటదని పెట్టినా. నీ బిడ్డ చేతులు చూడు!"

యామిని తన వేళ్లు చూసుకుంది. "చిన్నాయనా, నేను సంచీ తెచ్చినా అంతే. డబ్బా ముట్టనే లేదు."

"నెల నుంచీ నూనె పూస్తాంది ఈ పిల్ల! నా బిడ్డ మీకంటే ముందు పోతాంటే చూడలేక! మీ తాత ఇంజిను ఎత్తకపోయినాడు, నువ్వు గుండ్లు చెడగొడతాండావు. మీ వంశమే అంత!"

నరసింహులు మొహం నల్లబడింది. ఆయన పిస్తోలు పెట్టె మూత వేసి, గడియ పెట్టి, చేతిలోకి తీసుకున్నాడు. యామిని ఏడుస్తోంది. కాటమరాజు "ఆగన్నా, ఆగు" అంటున్నాడు.

అప్పుడు లోపలినుంచి లీదియా వచ్చింది. పోటీ నంబరు తగిలించుకుని, టోపీ చేత్తో పట్టుకుని, చెమట తుడుచుకుంటూ. ఆ పిల్ల నుదుటి మీద బొటనవేలితో గీసిన సిలువ. ముదురు నీలం.

"ఏంది, అందరూ నన్నే చూస్తా ఉండారు?" అంది లీదియా.

"నుదురు మీద ఏందమ్మా అది?" అని అడిగాడు నరసింహులు.

"పొద్దున అమ్మ పెట్టింది పెద్దనాయనా. బుధవారం ప్రార్థన నూనె. నాకూ పెట్టింది, సంచీలో సామానుకూ పెట్టింది" అంటూ నుదురు తడుముకుని, నీలంగా మారిన వేళ్లు చూసుకుంది. తర్వాత నాయన చేతిలోని డబ్బా చూసింది. తెలివైన పిల్ల, ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

బుధవారం. గురువారం. బుధవారం నూనె సీసా ఇంటికొచ్చేది, గురువారం గుండ్లు చెదిరేవి. నిత్యానందం మూడు వారాలు లెక్కగట్టి, రోజు పట్టుకుని, ఆ రోజున తన ఇంట్లో ఏం జరుగుతుందో ఒక్కసారి కూడా చూసుకోలేదు. 

యామినే ముందు తేరుకుంది. చున్నీతో ముక్కు తుడుచుకుని తన డబ్బా బల్ల మీద పెట్టింది. "ఆయన్ని ఏమీ అనొద్దు నాయనా, తెలీక అన్యాడు. లీదియా, నీయి నూనె అయిపోయినాయి గదా, నా డబ్బాలోవి సగం తీసుకో. ఇయ్యి కూడా చిన్నాయన ఏరిచ్చినవే, ఏ తేడా ఉండదు."

లీదియా ఆ డబ్బా అందుకుంది. నరసింహులు ఒక క్షణం చూసి, పెట్టెను మళ్లీ బల్ల మీద పెట్టాడు.

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. పిస్తోలు తిరిగొచ్చింది, ఆ పిల్ల క్షమించింది, నేరం హెలెన్ నూనె సీసా మీదికి పోయింది. కానీ ఆ డబ్బాలో ఉన్నవేవో ఆ గుంపులో ఒక్కడికే తెలుసు. కూతురు మూత తిప్పుతోంది.

"అవి వద్దు" అన్నాడు.

"ఎందుకు?"

"అవి ఏరి పక్కన పెట్టినవి. దారి తప్పినవి." తల ఎత్తకుండా చెప్పాడు. "నెల నుంచీ ఆ పిల్ల డబ్బాలో అవే పోస్తా ఉన్నా. నూనె పూస్తాందని, నేనూ..."

యామిని ఆయన్నే చూస్తూ నిలబడింది. ఆమె అరిచి ఉంటే బాగుండేది.

"నెల నుంచీనా?" అంది మెల్లగా. "ముప్పై దాటడం ల్యా, ఇది నాకు చేతగాని పని, ఒంగోలు అయినాక మానేస్తానని మొన్న అమ్మకు చెప్పినా చిన్నాయనా. నేనే చేతగాని దాన్ననుకున్నా."

నిత్యానందం నూనె గుండ్ల నీలి డబ్బా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. సబ్బు అడిగి తెచ్చుకుని, గుండ్లను దోసిట్లో పోసుకుని, నొక్కుకుపోకుండా కడిగాడు. నూనె పోయింది, నీలం పోలేదు. మోచేతుల దాకా పాకింది. పోటీకి వచ్చిన వాళ్లు నీళ్లు పట్టుకోవడానికి వచ్చి ఆ చేతులు చూసి పోతున్నారు. దొంగను పట్టిచ్చే రంగు అని ఆయనే అరిచి చెప్పాడు కదా, అందరికీ తెలుసు.

నరసింహులు వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఆ ఇంజిను బండెక్కించిన రోజు నేనూ ఉన్యా నిత్యానందం" అన్నాడు. "పట్టుకోమంటే తాడు పట్టుకున్యా. పన్నెండేళ్లోణ్ణి. పిస్తోలు ఇద్దరికీ అన్నప్పుడు నా మనసులో ఉండింది అదే." తన తువ్వాలు తీసి గుండ్లు ఆరబెట్టడానికి పరిచాడు.

గుండ్లు ఆరాక నిత్యానందం వాటిని రెండు భాగాలు చేయబోయాడు. ఎనభై ఎనభై కావాలి, ఉన్నవి నూట ఇరవై. లీదియా వచ్చి తువ్వాలు మొత్తం ఎత్తి, అన్నీ యామిని చేతుల్లో పోసింది. యామిని డబ్బా తను తీసుకుంది.

"ఇట్ల చెయ్యొద్దు తల్లీ" అన్నాడు నిత్యానందం. "సగం సగం కొట్టండి. నీకు నలభై దాటాల."

"నెల రోజులు ఆ పిల్ల కొట్టినవి నేనొక్క రోజు కొట్టలేనా నాయనా?"

యామిని ఒప్పుకోలేదు. గింజుకుంది. అప్పటికే మొదటి వరసను పిలుస్తున్నారు. కాటమరాజు గొట్టంలో రెండుసార్లు దూది తోసి పిస్తోలు ఆమె చేతిలో పెట్టాడు. యామినికి అయిదువందల యాభై ఎనిమిది వచ్చింది. దాని తర్వాత అదే పిస్తోలు లీదియా అందుకుంది.

నిత్యానందం అద్దం వెనక నిలబడి చూశాడు. అరవై గుండ్లు. ప్రతి ఒక్కటీ తన వేళ్లతో పట్టుకుని, తన పలక మీద దొర్లించి, పనికిరాదని తోసేసిందే. ఒకటి పదిలో పడితే ఊపిరి పీల్చుకున్నాడు, ఇంకొకటి ఎనిమిదిలోకి జారితే కళ్లు మూసుకున్నాడు. చెయ్యి వణకలేదు ఆ పిల్లకు. ఒక్కసారి కూడా వణకలేదు. తెర మీద చివరి అంకె అయిదువందల ముప్పై ఏడు దగ్గర ఆగింది.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. హెలెన్ గుమ్మంలోనే నిలబడి ఉంది, బొటనవేలు నీలంగా. "దేవుడు చూసినాడా? దాటిందా?" అని అడిగింది.

"యామిని దాటింది" అన్నాడు నిత్యానందం. "మన పిల్లకు మూడు తక్కువైనాయి. నూనె తప్పు కాదు. నాదే తప్పు."

హెలెన్ ఇంకా ఏదో అడగబోతుంటే లీదియా లోపలికి వెళ్లి నల్ల పలక తెచ్చింది. వసారాలో పెట్టి, కింద చెక్కముక్క దోపింది. స్టీలు గిన్నె ఎడమ పక్కన, ప్లాస్టిక్ డబ్బా కుడి పక్కన పెట్టింది. కాటమరాజు ఎప్పుడో ఇస్తే ఇంట్లోనే ఉండిపోయిన కొత్త డబ్బా సీలు విప్పింది.

"వచ్చే నెల యామినికి రాష్ట్రం పోటీ. ఆ పిల్లవి ఏరు నాయనా" అంది.

నిత్యానందం పలక ముందు కూర్చుని మొదటి గుండు తీసుకున్నాడు. లీదియా లోపలికి పోతుందనుకున్నాడు. ఎప్పుడూ పోయేది. పోలేదు. ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆయన నీలి చేతుల మీదే చూపు నిలిపింది.

"నువ్వు పోయి పడుకో తల్లీ, అలిసిపోయినావు. నేను ఏరతాలే."

"ఏరు" అంది లీదియా. "నేను చూస్తా ఉంటా."